ఖాళీగా ఉన్నామని ఎవరు చెప్పారండీ?

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఫోనులో ఏదో వీడియో చూసి, "అమ్మా, ఇది మనం కూడా చేద్దామే" అని వెంటపడింది. చూస్తే ఒక చెక్క రీలు, దాని నెత్తిన నాలుగు మేకులు, వాటికి చుట్టిన రంగుల ఊలు దారం. ఎవరో అమ్మాయి సూదితో దారాన్ని అటూ ఇటూ ఎత్తి వేస్తుంటే, రీలు కింది బెజ్జంలోంచి అల్లిన తాడు మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. ఆ సామాను కొనిపెట్టమంటుంది మా అమ్మాయి. నాలుగు మేకులకి అంత డబ్బెందుకని, "ఇంట్లోనే చేసుకుందాం రా" అన్నాను.

అటక మీదున్న మా అత్తగారి కుట్టుమిషను సొరుగు వెతికితే అడుగున ఒకే ఒక్క చెక్క దారపు రీలు దొరికింది. ఇప్పుడు రీళ్ళన్నీ ప్లాస్టిక్‌వే కదా, చెక్క రీలు చూసి ఎన్నేళ్ళయిందో! మా మావయ్యగారు, "ఈ వయసులో నాకు బొమ్మల పని చెబుతున్నారే" అని సణుగుతూనే, సన్నటి మేకులు నాలుగు తెచ్చి దాని చుట్టూ సమానంగా బిగించి ఇచ్చారు. తర్వాత మా అబ్బాయి తనకీ ఒకటి కావాలంటే వెదురు గొట్టం కోసి దానికీ మేకులు కొట్టారు. అలా మొదలైంది మా ఇంట్లో అల్లకం.

చెయ్యడం పెద్ద కష్టమేం కాదు. దారం కొసని రీలు బెజ్జంలోంచి కిందికి వదలాలి. పైన ఒక్కో మేకుకీ ఒక్కో చుట్టు వేసుకుంటూ నాలుగు మేకులూ తిరిగి రావాలి. రెండో వరస కూడా అలాగే, మొదటి చుట్టుకి పైన పడేట్టు చుట్టాలి. ఇప్పుడు మేకుకి రెండేసి చుట్లుంటాయి కదా, కింది చుట్టుని సూదితో ఎత్తి, పై చుట్టు మీదుగా మేకు తల దాటించి లోపలి వైపుకి వదిలెయ్యాలి. నాలుగు మేకులకీ అలా చేస్తే ఒక వరస అయినట్టు. మళ్ళీ చుట్టడం, మళ్ళీ ఎత్తడం. మధ్యమధ్యలో కింది కొసని పట్టుకుని కాస్త లాగుతుంటే తాడు దిగుతుంది. ఆపేటప్పుడు దారం కత్తిరించి, ఆ కొసని నాలుగు చుట్లలోంచీ దూర్చి, మేకుల మీంచి తీసి బిగించేస్తే ఇక ఊడదు.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం నా మొదటి తాడు తాడులా లేదు, పొట్లకాయలా వంకర్లు పోయింది. గట్టిగా చుడితే చుట్టులోకి సూది దూరదు. వదులుగా చుడితే తాడు గుల్లగా వస్తుంది. ఒక్క చుట్టు జారిందా, తాడు పొడవునా నిచ్చెన మెట్లలా చీలుతుంది. పైగా మా నిడదవోలు ఎండలు తెలుసుగా! మే నెలలో చేతికి చెమట పట్టి ఊలు దారం వేళ్ళకి అతుక్కుపోయేది. నాలుగు రోజులు అవస్థపడి ఊలు మానేసి నూలు దారంలోకి దిగాను. హాయిగా ఉంది. మేకులు కూడా ఒకింత బయటికి వాలినట్టు ఉంటే చుట్లు జారవని మూడో రీలుకి గానీ తెలీలేదు.

ఆ ఉత్సాహంలోనే పాత ఫొటో ఫ్రేము ఒకటి తీసి, అద్దం పక్కన పెట్టి, పైనా కిందా వరసగా చిన్న మేకులు కొట్టి చేతిమగ్గం కూడా చేశాం. నిలువుగా లాగి కట్టిన దారం పడుగు. అడ్డంగా ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోనిచ్చేది పేక. పేకకి పాత నూలు చీర అంగుళం వెడల్పున చింపుకుని, గోనెసంచులు కుట్టే దబ్బనంతో అల్లాను. ఒక చీరకి గుమ్మం ముందు వేసుకునే పట్టా ఒకటి, పిల్లలు కూచునే చిన్న పట్టాలు రెండు వచ్చాయి. ఇందులో కొత్తేముంది లెండి. మన చిన్నప్పటి నవారు మంచం ఏమిటి? అంతకంటే పెద్ద మగ్గం ఇంకోటుందా? నవారుని నిలువుగా లాగి, అడ్డంగా గళ్ళు పడేట్టు అల్లడం పడుగూ పేకా కాక ఇంకేమిటి! వైరు బుట్టలు అల్లని ఇల్లుందా? గుమ్మానికి ఊలు తోరణం, టీవీ మీద లేసు గుడ్డ లేని ముందుగది ఆ రోజుల్లో ఉండేదా? జర్మనీలో ఈ మేకుల రీలుని బొమ్మ ఆకారంలో చేసి చిన్న పిల్లలకి ఆటకిస్తారట. మనవాళ్ళ ఒంటి మీది బనియను కూడా ఇదే లెక్క. మన రీలుకి నాలుగు మేకులుంటే, బనియను గుడ్డ అల్లే యంత్రానికి చుట్టూ వందల సూదులుంటాయి. అందుకే చాలా బనియన్లకి పక్కల కుట్టుండదు. ఈ సంగతి చెప్పేసరికి మా అబ్బాయి వాళ్ళ నాన్న బనియను తిరగేసి చూసి వచ్చాడు.

మొత్తానికి సెలవులు అయ్యేసరికి నాకు ఇదో వ్యసనమైంది. మధ్యాహ్నం అంట్లయ్యాక ఓ గంట రీలు పట్టుకు కూచుంటే మనసు నిమ్మళించేది. అల్లిన తాడుని గుండ్రంగా చుట్టి, కింద వైపు సూదీదారంతో కుట్టేస్తే, వేడి గిన్నె కింద పెట్టుకోవడానికి చుట్టకుదురులాంటి పీట తయారు. ఆరు చేశాను. వీధిలో వాళ్ళు చూసి మెచ్చుకున్నారు. "ఎంత ఓపికండీ మీకు!" అన్నారు. నేనూ పొంగిపోయాను.

అసలు కథ ఇక్కడే మొదలైంది.

మాకు తెలిసిన ఒకాయన గృహాలంకరణ సామాన్లు అమ్ముతుంటారు. ఆయన ఒకసారి మా ఇంటికొచ్చి ఆ పీటలు చూశారు. తిరగేసి, బిగువు చూసి, "బావున్నాయమ్మా, వారానికో పాతిక చేసివ్వగలరా? పీటకి 35 రూపాయలిస్తాను. దారం మీదే" అన్నారు. నాకు ఒక్క క్షణం గాల్లో తేలినట్టయింది. నా చేతిపనికి ఒకరు డబ్బిస్తానన్నారు! "అంత తక్కువా?" అని మాటవరసకి అన్నాను. దానికి ఆయన నవ్వి, "ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటారు కదమ్మా, టైంపాసూ అవుతుంది, నాలుగు డబ్బులూ వస్తాయి" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు. చాలామంది అనే మాటే ఆయనా అన్నారు. కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ రాత్రి పిల్లల నోటుపుస్తకం తీసి లెక్క వేశాను. ఒక పీటకి రెండుంబావు మీటర్ల తాడు కావాలి. చెయ్యి తిరిగాక కూడా మీటరు తాడు అల్లడానికి నాకు గంట పడుతోంది. చుట్టి కుట్టడానికి ఇంకో ముప్పావు గంట. అంటే పీటకి మూడు గంటలు. దారం ఖర్చు 15 రూపాయలు. ఆయనిచ్చే 35లో 15 పోతే మిగిలేది 20. మూడు గంటలకి 20 రూపాయలు! గంటకి ఏడు రూపాయలు కూడా లేదు. వారానికి పాతిక పీటలంటే 75 గంటలు. రోజుకి దాదాపు పదకొండు గంటలు, ఆదివారం కూడా సెలవు లేకుండా. వచ్చేది వారానికి 500. అంతా చేసి "ఖాళీగా" ఉన్నదాన్ని అన్నమాట!

పాలకొల్లు దొడ్డమ్మ

అప్పుడు మా దొడ్డమ్మ గుర్తొచ్చింది. మా నిడదవోలు స్టేషన్లో నర్సాపురం బండెక్కితే తణుకు, అత్తిలి, భీమవరం దాటాక పాలకొల్లు వస్తుంది. చిన్నప్పుడు సెలవులకి అక్కడికి వెళ్ళేవాళ్ళం. దొడ్డమ్మ ఇంటి అరుగు మీద మధ్యాహ్నమయ్యేసరికి నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరేవారు. అందరి చేతుల్లోనూ కొక్కెం సూది, తెల్ల దారం. మాటలు మాటలే, వేళ్ళు వేళ్ళే. ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు వాటన్నిటినీ కలిపి అతుకు పని చేసేవారు. వారానికోసారి సైకిలు మీద ఒకాయన వచ్చి, అల్లినవి లెక్కపెట్టుకుని, దారం ఇచ్చి వెళ్ళేవాడు. అవి ఎక్కడికి పోతాయో, ఎంతకి అమ్ముడవుతాయో అరుగు మీద ఎవరికీ తెలీదు. "ఫారిన్‌కి పోతాయంట" అనేవారు, అంతే.

ఒకసారి జనాభా లెక్కలవాళ్ళు వచ్చి, "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగితే, ఒళ్ళో లేసు పెట్టుకునే దొడ్డమ్మ, "పనేముందండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. అది విని ఎవరికీ వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. ఇప్పుడు తల్చుకుంటే అనిపిస్తోంది.

నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల లేసు కథ చిన్నది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి పేద స్త్రీలకి బతుకుతెరువుగా ఈ అల్లిక నేర్పారు. తర్వాత వర్తకులొచ్చారు, ఎగుమతులొచ్చాయి, ఊళ్ళకి ఊళ్ళే అల్లడం నేర్చాయి. మారియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1970ల చివర్లో అక్కడే ఉండి ఈ పని చేసే ఆడవాళ్ళని కలిసి, వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో గంటగంటకీ రాసుకున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. దాని పేరే 'నర్సాపురం లేసు అల్లేవాళ్ళు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు. ఆవిడ 2023లో కన్నుమూశారు. ప్రపంచంలో ఎక్కడ ఆడవాళ్ళ పని గురించి చదువుకున్నా మన గోదావరి లేసు కథ ఎదురవుతుంది. మనకే తెలీదు!

ఆవిడ తేల్చి చెప్పింది ఏమిటంటే, ఈ ఆడవాళ్ళు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు, దానికి తోడు ఇంటి చాకిరీ అంతా ఉంది. సంపాదన చూస్తే పొలం పనికి వెళ్ళే ఆడకూలీకి వచ్చేదానికన్నా తక్కువ. అయినా వాళ్ళని ఎవరూ కార్మికులనరు. "గృహిణులు, తీరిక వేళ అల్లుకుంటారు" అంటారు. వాళ్ళూ అలాగే అనుకుంటారు. ఎందుకు? తీరిక వేళ చేసేదానికి కూలి అడగరు కదా! అదీ అందులోని కిటుకు. వాళ్ళ మధ్య, ఎగుమతిదారు మధ్య ఎంతమంది చేతులు మారినా, వాళ్ళలో ఎవరినీ "తీరిక వేళ వ్యాపారం చేస్తున్నాడు" అనలేదు.

నాకు 35 రూపాయలు ఇస్తానన్న ఆయన నోట వచ్చిందీ అదే మాట. ఇన్నేళ్ళు గడిచినా, సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చినా మాట మారలేదు.

అయితే మా దొడ్డమ్మకి లేసు వల్ల మంచే జరగలేదా అంటే, జరిగింది. ఆ డబ్బుతోనే మా అక్కకి చెవి జూకాలు చేయించింది. మొగుణ్ణి అడక్కుండా పిల్లల ఫీజు కట్టింది. నలుగురు ఆడవాళ్ళు అరుగు మీద కూచుని కష్టం సుఖం చెప్పుకునే చోటు దొరికింది. అందుకే నేను లేసునీ, అల్లికనీ తప్పు పట్టను. దాన్ని "పని కాదు" అనడాన్నే తప్పు పడతాను. యాభై దాటేసరికి దొడ్డమ్మకి కళ్ళు సన్నగిల్లాయి, మెడ పట్టేసేది. పని కాని పనికి ఒళ్ళు ఇంత అరుగుతుందా చెప్పండి?

మేకుల చుట్టూ తిరిగిన చెయ్యి

ఇంకో సంగతి చెప్పాలి. నాలుగు మేకుల చుట్టూ దారం తిప్పితేనే సాయంత్రానికి నా భుజం లాగేది. అప్పుడు ఆసు యంత్రం కథ గుర్తొచ్చింది. పోచంపల్లి తరహా చీర నెయ్యాలంటే ముందు నూలుని గుంజల చుట్టూ అటూ ఇటూ తిప్పి పోయాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక చీరకి చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలట. నాలుగైదు గంటల పని. అది చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు. ఆలేరు దగ్గర శార్జిపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మిగారు ఆ పని చేసి చేసి భుజాలు పడిపోయి ఇక చెయ్యలేనన్నారు. కొడుకు అది చూడలేక, పెద్దగా చదువుకోకపోయినా, 1992లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది.

ఆ కొడుకుని మెచ్చుకోవలసిందే. కానీ నాకు అనిపించేది ఏమిటంటే, ఆ ఒక్క తల్లి నొప్పిని పనివల్ల వచ్చిన నొప్పిగా ఒకరు గుర్తించారు కాబట్టి యంత్రం వచ్చింది. "ఇంట్లో ఆడవాళ్ళు ఏదో చేసుకుంటారులే" అని ఊరుకుంటే వచ్చేదా? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత మీద బతికేవాళ్ళు సుమారు 35 లక్షల మంది. వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళే. మగ్గం గుంటలో కూచున్నాయన్ని నేతన్న అంటాం. కండెలు చుట్టి, ఆసు పోసి, మగ్గం కూడా నేసే ఆవిడకి మాత్రం పేరు వెతుక్కోవాలి.

ఖాళీ అంటే ఎంత?

ఇంతకీ ఈ "ఖాళీ" అనేది మనకి ఎంత ఉంది? కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే చెబుతున్నదేమిటంటే, ఇంటి పని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు దానికే ఖర్చు పెడుతున్నారు. అంటే సుమారు అయిదు గంటలు. ఇంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. అదీ చెయ్యి పెట్టేవాళ్ళు! పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ చూసుకోవడం ఇందులో కలపలేదు, అది వేరే లెక్క. ఇవన్నీ పోగా మిగిలిన గంట చూసి, "ఖాళీగానే ఉన్నారు కదా" అంటారు.

ఇలాంటి మహిళల పేజీల్లోనే "తీరిక వేళల్లో ఆదాయం", "ఇంట్లో కూచుని సంపాదించండి" అని ఎన్ని వ్యాసాలు చదివుంటాం! నేనూ కత్తిరించి దాచుకున్నాను. కొవ్వొత్తులు, అగరుబత్తులు, అప్పడాలు, సాఫ్ట్ టాయ్స్. వాటిలో తయారుచేసే విధానం ఉంటుంది, కావలసిన సామాను ఉంటుంది. ఎన్ని గంటలు పడుతుంది, గంటకి ఎంత గిడుతుంది అన్న వరస మాత్రం ఉండదు. ఆ వరస రాస్తే సగంమంది అక్కడే ఆగిపోతారేమో!

దీనికి వెనక ఇంకో బాధ ఉంది. మనం ఏదైనా సరదాకి చేసుకుంటుంటే ఇంట్లో ఒకరు కాకపోతే ఒకరు "దీనివల్ల ఏం వస్తుంది?" అంటారు. మగవాళ్ళు రెండు గంటలు క్రికెట్టు చూస్తే ఎంత వచ్చిందని ఎవరూ అడగరు. ఆడది రీలు పట్టుకుంటే మాత్రం దానివల్ల లాభం చూపించాలి. లాభం చూపించబోతే, అది సరదా కదా, డబ్బెందుకంటారు. రెండు వైపులా మనమే నష్టపోతున్నాం. సరదా చేసుకుంటే తప్పు చేసినట్టు, పని చేస్తే సరదా చేసినట్టు.

ఈ మాట నేను మా పక్కింటి పిన్నిగారితో అంటే ఆవిడ కోప్పడింది. ఆవిడ భర్త పోయి ఆరేళ్ళయింది. "నీకేమమ్మా, నెల తిరిగేసరికి జీతం ఇంటికొస్తుంది. అయిదొందలు కూడా వద్దనుకుంటావు. నాలాంటిదానికి ఆ అయిదొందలే గ్యాసు బండ ఖర్చులోకి వస్తాయి" అంది. ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. రెండు రోజులు ఆలోచించాను. నిజమే, అవసరం ఉన్నవాళ్ళని వద్దనడానికి నేనెవర్ని? కానీ అవసరం ఉన్నవాళ్ళకే ధర ఇంకా ముఖ్యం కదా! నాలాంటివాళ్ళు సరదాకి 35కే చేసిచ్చేస్తే, అదే ధర పిన్నిగారి నెత్తిన కూడా పడుతుంది. "ఫలానా ఆవిడ 35కే ఇస్తోంది, మీకెందుకు ఎక్కువ?" అంటారు. నా సరదా ఆవిడ కూలిని తగ్గిస్తుంది. ఇది నాకు అంతవరకు తట్టలేదు.

అందుకని నేను అనుకున్నవి నాలుగు మాటలు చెబుతాను.

సరదాకి చేసుకుంటే సరదాగానే చేసుకుందాం. దానికి లాభం లెక్క చెప్పక్కర్లేదు. "ఈ గంట నాది" అని ఇంట్లో చెప్పి మరీ కూచుందాం. దొంగతనంగా, పప్పు ఉడికేలోపల, అందరూ నిద్రపోయాక కాదు.

అమ్మదలుచుకుంటే మాత్రం అది పనే. ఒక్క వారం పుస్తకంలో గంటలు రాసుకోండి. దారం ఖర్చు, గంటకి మీరు అనుకున్న కూలి, తెచ్చి ఇచ్చే దారి ఖర్చు, అన్నీ కలిపితే వచ్చేదే ధర. కూలి మనం తగ్గించుకుంటే పెంచడానికి ఇంకెవరూ రారు.

ఒక్కరుగా అడిగితే "ఇంకొకరు తక్కువకి ఇస్తారు" అంటారు. డ్వాక్రా సంఘాల్లో పొదుపు లెక్క పది మందీ కలిసి చూసుకుంటున్నవాళ్ళం, ధర మాత్రం ఎవరికి వారు ఎందుకు చెప్పుకోవాలి? వీధిలో ఆరుగురు అల్లేవాళ్ళుంటే ఆరుగురిదీ ఒకటే ధర అనుకోండి. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి బయటివాళ్ళు నకిలీ సరుకు అమ్మకుండా అది కాపాడుతుంది. సంతోషమే. కానీ అది పేరుని కాపాడుతుంది గానీ కూలిని పెంచదు. కూలి పెరగాలంటే అల్లేవాళ్ళు కలవాలి. ఇళ్ళల్లో కూచుని పనిచేసేవాళ్ళకి కూడా మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒప్పందం చేసింది. మన దేశం ఇంతవరకు దానికి ఆమోదం తెలపలేదు. ఓట్లడగడానికి గుమ్మంలోకి వచ్చేవాళ్ళని ఈ సంగతి అడగొచ్చు కదా!

నాలుగోది, మగపిల్లలకి కూడా నేర్పుదాం. మా అబ్బాయి వెదురు గొట్టం మీద మూడు మీటర్లు అల్లాడు. అల్లాక వాడే అన్నాడు, "అమ్మా, చెయ్యి లాగేస్తోంది, నువ్వు రోజూ ఎలా చేస్తున్నావు?" అని. ఆ ప్రశ్న వాడి నోట రావడానికి మూడు మీటర్లు చాలింది. రేపు వాడి భార్య ఏదైనా చేసుకుంటుంటే "టైంపాసు" అనడని నా ఆశ.

ఇంతకీ ఆయనకి ఏం చెప్పానంటారా? గంటకి 50 చొప్పున మూడు గంటలకి 150, దారానికి 15, వెరసి 165 అని కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన కాగితం చూసి, నన్ను చూసి నవ్వారు. "ఈ ధరకి ఎవరు కొంటారమ్మా? మిషను మీద చేసినవి నలభైకి దొరుకుతుంటే" అన్నారు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. మిషనుతో నా వేళ్ళు పోటీ పడలేవు. "అయితే వద్దులెండి, మా ఇంట్లోకే చేసుకుంటాను" అన్నాను. వెళ్ళేటప్పుడు ఆ కాగితం బల్ల మీద వదిలేశారు. దాన్ని తీసి పిన్నిగారికి ఇచ్చాను. ఆవిడకి బజార్లో బొంతల బేరం ఒకటి వచ్చింది. ఈసారి ఒప్పుకునే ముందు గంటలు రాసుకుంటోంది. మొన్న వాళ్ళు చెప్పిన ధరకి కాదని, తన ధర చెప్పిందట. వాళ్ళు ఇంకా జవాబు చెప్పలేదు. ఎదురు చూస్తున్నాం.

నా రీలు మాత్రం ఆగలేదు. ప్రస్తుతం ఏడో పీట నడుస్తోంది. నిన్న ఎవరో ఇంటికొచ్చి, "ఏం చేస్తున్నారు, ఖాళీగా ఉన్నారా?" అన్నారు. "లేదండీ, పనిలో ఉన్నాను, కూర్చోండి" అన్నాను. ఈ వరస అయ్యాక లేచి కాఫీ పెట్టాను.